పాస్‌పోర్టు ఫొటోకు బొట్టు

మా కోరుట్లలో ఎవరైనా దుబాయి పోతున్నామంటే జనం అడిగే మొదటి మాట "ఏం పని?" "ఊరికే, చూసి రావడానికి" అంటే రెండో మాట ఉండదు, ఒక చూపు ఉంటుంది. సంపాదించే చోటికి ఖర్చుపెట్టడానికి పోయేవాళ్లను ఏ లెక్కలో వేయాలో మా వీధికి ఇంకా తెలియదు.

పెదబాపు అక్కడ ఇరవై రెండేళ్లు క్రేన్ నడిపి, తిరిగొచ్చి వాకిట్లో కుర్చీ నడుపుతున్నాడు. పెద్దమ్మ ఒక్కసారి కూడా దుబాయి చూడలేదు. ఆమెకు ఎత్తయిన బిల్డింగులు అక్కర్లేదు. "ఎప్పుడు ఫోన్ జేసినా 'గదిల ఉన్న' అనేటోడు. గా గది ఏందో నేను సూడాలె" అనేది. అందులో ప్రేమ ఎంతో అనుమానం ఎంతో నేను తూచలేదు.

టూరిస్టు వీసా పని నా మీద పడింది. ముందు పెద్దమ్మకు పాస్‌పోర్టు తీయించాం. ఆఫీసు లైన్లో చెమట పట్టింది. ఫొటో తీసేవాడు మొహం తుడుచుకోమంటే కొంగుతో గట్టిగా తుడుచుకుంది. బొట్టు కూడా పోయింది. ఎవరూ గమనించలేదు. పాస్‌పోర్టు ఇంటికొచ్చాక వాట్సాప్‌లో చూసి, సిరిసిల్లలో ఉండే వాళ్లక్క గమనించింది.

"గదేందే చెల్లె! మనిషి ఉండంగ బోసి నొసలుతోని దిగినవ్? సర్కారు బుక్కుల పదేండ్లు గట్లనే ఉంటవా?"

ఆ మనిషి అప్పుడు వెనకే కూర్చుని సర్వపిండి తింటున్నాడు.

వారం తర్వాత జగిత్యాలలో ఏజెంటు దగ్గరికి పోయాం. పాస్‌పోర్టు నా చేతికివ్వడం ఇష్టంలేక పెద్దమ్మ, సలహాలివ్వడానికి పెదబాపు వచ్చారు. పెదబాపు కూర్చోగానే "కంపెనీ ఏది?" అన్నాడు.

"కంపెనీ ఉండదు పెద్దాయనా. హోటలు బుకింగు, రిటర్న్ టికెట్ ఉండాలె."

"పోకముందుకే తిరిగచ్చుడు రాసిస్తరా? మా కాలంల సేటు దయ తలిస్తేనే అచ్చుడు."

ఏజెంటు పెద్దమ్మ పాస్‌పోర్టు తెరిచి ఆగిపోయాడు. ఫొటోలో నొసటి మీద, కొలిచి పెట్టినట్టు, ఎర్రటి స్టిక్కర్ బొట్టు.

"ఫొటో మీద ఏదున్నా వీసా రాదు తమ్మీ. తీసెయ్."

నేను గోరు పెట్టబోయాను. పెద్దమ్మ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "మీ పెదబాపు ఉండంగ నా బొట్టు తీస్తవారా?"

"అమ్మా, అది ఉత్త ఫొటో" అన్నాడు ఏజెంటు.

"మరి గోడకున్న మీ బాపుది? అది గూడ ఫొటోనే. దండెందుకేసినవ్?"

ఏజెంటు గోడ వైపు చూసి కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు. పెదబాపు ఛాన్సు దొరికిందని, "పోకపోతె ఏమాయె! గదిల నల్లులు తప్ప ఏమున్నయ్" అన్నాడు.

పెద్దమ్మ మొహం వాడిపోయింది. పాస్‌పోర్టు సంచిలో పెట్టుకోబోయింది. ఇక ఊరుకుంటే ఆమెకు ఆ గది ఎప్పటికీ ఫోన్లోనే.

"పెద్దమ్మా, మొఖం కడుక్కునేటప్పుడు బొట్టు ఏం జేస్తవ్?"

"అద్దానికి అంటిస్త."

"గప్పుడు పెదబాపుకు ఏమన్నయితదా?"

"ఏమైతది? చాయ అడుగుతడు."

"గిది గూడ మొఖం కడుగుడే అనుకో."

పెద్దమ్మ తనే బొట్టును గోటితో తీసి ఏజెంటు కంప్యూటర్ అంచుకు అంటించింది. స్కానవ్వగానే మళ్లీ ఫొటో నొసటి మీదికి. కొన్నాళ్లకు ఇద్దరికీ వీసా వచ్చింది.

తర్వాతి సంగతి పెదబాపు చెప్పాడు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అడగకముందే ఆమె ఫొటో మీది బొట్టు తీసి కౌంటర్ అద్దానికి అంటించిందట. ఆయన వింతగా చూస్తే "మొఖం కడుగుతున్న సారూ, ఒక్క నిమిషం" అందట. ముద్ర పడగానే తీసుకుందట. దుబాయిలో దిగాక అక్కడి అద్దానికీ అదే మర్యాద.

మర్నాడు పెద్దమ్మ ఫోన్ చేసింది. గది దొరికింది. ఇప్పుడు అందులో మా దిక్కు రుద్రంగి ఊరి నుంచి పనికొచ్చిన పిల్లలు ఉంటున్నారట, లోపలికి రానిచ్చారు. "మంచం మీద మంచం కొడుకా. మీ పెదబాపుది పైది. ఎక్కి కూసున్న. తలకాయ స్లాబుకు తాకుతున్నది. గీడినుంచేనా 'మంచిగున్న' అని ఫోన్ జేసేటోడు?"

నేను మాట మార్చి, "బొట్టు పాస్‌పోర్టుకు మళ్ల అంటించినవా?" అన్నాను.

"అయ్యో, మర్చిపోయిన! గా దుబాయి సారు అద్దానికే ఉన్నది!"

భయంతో మొగుణ్ని కేకేయబోయింది. అంతలో వెనక నుంచి పెదబాపు గొంతు వినిపించింది. రుద్రంగి పిల్లలను చాయ అడుగుతున్నాడు.