జట్టును చూపించమన్న రోజు

బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పేదాన్ని. మ్యాట్ కోసం ఒక ట్రస్టుకు దరఖాస్తు పెట్టాను. ఒక ఆదివారం ట్రస్టు నుంచి ఒకాయన చెప్పకుండా పరిశీలనకు వచ్చాడు. మైదానం ఖాళీగా ఉంది.

"జట్టు యాడుండాదమ్మా?" అన్నాడు.

పిల్లలంతా వేరుశనగ పీకే కూలికి వెళ్లారు. గంటలో ఆయన బస్సు. నేను చేనుకు పరుగెత్తాను. పిల్లల్ని పిలిస్తే రైతు అడ్డం నిలబడ్డాడు.

"పని ఇడిచిపెట్టి పోతే ఎట్లమ్మా?"

"ఒక్క గంట పంపన్నా. వీళ్లు రాకుంటే జట్టే లేదని ట్రస్టాయన రాసుకుంటాడు."

రైతు ఇంకా పీకాల్సిన సాళ్ల వైపు చూశాడు.

"మాపటికి నువ్వూ వచ్చి పీకల్ల," అన్నాడు. సాయంత్రం వస్తానని చెప్పి పిల్లల్ని మైదానానికి తీసుకొచ్చాను.

పిల్లలు మట్టి చేతులతోనే ఆడారు. వచ్చినాయన బస్సు వదులుకుని చూశాడు. నెల తర్వాత సాయం మంజూరైందని ఉత్తరం వచ్చింది.