మైకు కృపానందం

పురానాపూల్ వంతెన దగ్గర రోజూ సాయంత్రం మైకు పట్టుకుని సువార్త చెప్పే కృపానందానికి దేవుడి మాట కంటే తన గొంతే ముద్దు. మడత నలగని తెల్లచొక్కా వేసుకుని, "నశించిపోతున్న ఆత్మలారా!" అని పిలుస్తూనే ఎదురుగా వీడియో తీస్తున్న ఫోనులో తన మొహం చూసుకుంటాడు. చెమట పట్టిన హమాలీ ఎవరైనా చెయ్యి కలపబోతే వేళ్ల కొసలు మాత్రం అందిస్తాడు.

మొన్న బేగంబజార్‌లో మూటలు మోసే నాగమణమ్మ అతని దగ్గరికొచ్చింది. "అన్నా, నా బిడ్డ పోయినప్పుడు ప్రార్థన నేర్పింది నువ్వే. గదే పట్టుకొని బతికిన. ఇప్పుడు నా పెనిమిటి దవాఖానల ఉన్నడు. జర వచ్చి ప్రార్థన చెయ్యి."

కృపానందానికి ఆమె ఎవరో గుర్తురాలేదు. అయినా కళ్లు మెరిశాయి. "దవాఖానకు తర్వాత పోదాం గానీ, గీ సాక్ష్యం ఫోను దిక్కు చూసి మళ్ల చెప్పమ్మా. బిడ్డ ముచ్చట కాడ జర ఏడువు."

నాగమణమ్మ ఫోను వైపు తిరగలేదు. "నువ్వు రాకున్నా ఫికర్ లేదన్నా. నేర్పినవ్ గద, నేనే చేసుకుంట," అని కొంగు తలమీదికి లాక్కుని వంతెన మీదుగా నడిచింది.

"చూడండి, నా పరిచర్య ఫలం!" అని వెనక నుంచి మైకు అరుస్తూనే ఉంది. ఆమె తిరిగి చూడలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.