అత్త భజన, కోడలి పాఠం

ఒడిశాలోని రాయగడ బజారులో చింతపండు, ఉల్లి టోకు వ్యాపారం చేసే సుందరరావుకు మాట తక్కువ. బస్తాలో చెయ్యి పెట్టి సరుకు ఎలాంటిదో చెప్పగలడు గాని, ఇంట్లో వాళ్ల మనసులో ఏముందో అడగడం అతనికి చేతకాదు.

తల్లి కృష్ణవేణమ్మ పక్షవాతంతో మంచాన పడ్డాక, ఇంట్లో ఉన్న ఒక్క టీవీనీ ఆమె గదిలోకి మార్చాడు. ఆమె గుణుపురంలో పుట్టి పెరిగిన మనిషి. సాయంత్రం ఒడియా ఛానల్లో జగన్నాథుడి భజనలు వింటే గాని ముద్ద దిగేది కాదు. సరిగ్గా ఆ వేళకే తెలుగు ఛానల్లో సంగీత పాఠం వచ్చేది. సుందరరావు భార్య సుజన పెళ్లికి ముందు పార్వతీపురంలో పాట నేర్చుకుంది. అంతకుముందు ఆ పాఠం పుణ్యమా అని వంటింట్లో మళ్లీ కూనిరాగాలు మొదలయ్యాయి. టీవీ గది మారాక అవి ఆగిపోయాయి. ఆమె పల్లెత్తు మాట అనలేదు. అత్తగారికి దిండు సర్ది, భజన పెట్టి, అన్నం కలిపి తినిపించేది.

వంటిల్లు అలా మూగబోవడం సుందరరావుకు గుచ్చుకుంది. "ఇంకో టీవీ కొందుమా?" అన్నాడు.

"అత్తని ఒగ్గేసి పక్కగదిలో టీవీ ముందు కూకుంటానేటి? వద్దండి" అంది సుజన.

మర్నాడు అతను మోహన్‌కృష్ణ టీవీల షాపుకు వెళ్లి డీవీడీ రికార్డర్లు చూపించమన్నాడు. మోహన్‌కృష్ణ ముందుగా చవకది తీశాడు. "దీనికి ట్యూనర్ లేదు బాబాయ్. టీవీలో ఏది ఆడితే అదే రికార్డవుతాది."

"మాయమ్మ ఒడియా సూస్తుంటాది. ఇది తెలుగు పట్టుకోవాల."

రెండోదానికి హార్డ్‌డిస్కు ఉంది, ధర కొండెక్కి కూచుంది. చివరికి మోహన్‌కృష్ణ అటక మీంచి పాత మోడల్ దింపి దుమ్ము దులిపాడు. "సోకులేవీ లేవు గాని ట్యూనర్ లోపలే ఉంది. కేబులు ముందు దీనికి, దీన్నుంచి టీవీకి."

"ఆడించి సూపించు."

టీవీలో ఒడియా వార్తలు నడుస్తుండగా రికార్డరు తెలుగు ఛానల్ని పట్టింది. డిస్కు ఆడించి చూశాకే సుందరరావు సరేనన్నాడు.

ఆ సాయంత్రం భజన ఆగలేదు; పక్కనే రికార్డరు తెలుగు పాఠాన్ని పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం తల్లి కునుకు తీస్తుంటే, సుజనను పిలిచి డిస్కు పెట్టాడు. తెర మీద పంతులమ్మ శ్రుతి చూసుకుంటోంది. సుజన తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది.

"నా కోసమా?"

"నీ పాఠం పోతంది గదా" అన్నాడతను, ఆమె వైపు చూడకుండా.

ఆమె నేల మీద కూచుని, గొంతు తగ్గించి పాడసాగింది. పాట సగంలో మంచం పట్టె మీద చిన్న చప్పుడు. కృష్ణవేణమ్మ లేచే ఉంది. ఆడే చేత్తో తాళం వేస్తోంది. సుజన గబుక్కున రిమోట్ అందుకుంది.

"ఆపకమ్మీ" అంది అత్తగారు, ముద్దముద్దగా. "ఇన్నాళ్లూ నాకేల సెప్పలేదు?"

"భజన ఇంటే మీరు రెండు ముద్దలు ఎక్కువ తింటారు గదా అత్తా."

ముసలామె ఆ చెయ్యి చాచి కోడలి తల మీద పెట్టింది. "పాడు" అంది.

తర్వాత రెండేళ్లు ఆ గదిలో మధ్యాహ్నాలు పాటలతోనే గడిచాయి. వీధిలో ఆడపిల్లలూ వచ్చి చేరారు. వాళ్లు తాళం తప్పితే మంచం పట్టె గట్టిగా మోగేది. భోజనానికి వచ్చిన సుందరరావు గుమ్మంలో చతికిలబడి, పాట అయ్యేదాకా లేచేవాడు కాదు.