ఒలీటా గ్రిమ్స్‌లీ సాక్ష్యం

ఒలీటా గ్రిమ్స్‌లీ అమెరికాలోని టెనెసీ కొండల్లో ఒక చిన్న ఊళ్లో వారమంతా హైస్కూలు పిల్లలకు పరిణామ సిద్ధాంతం చెప్పేది. ఆదివారం బాప్టిస్టు చర్చిలో పియానో వాయించేది. ఈ రెంటికీ పొసగదని స్కూలు బోర్డు కనిపెట్టేనాటికి ఆమెకు యాభై దాటాయి.

ఆ పాఠానికి ముందు, ఇది ఒట్టి ఊహేనని, దేవుడే అన్నిటినీ చేశాడనే సృష్టివాదం కూడా ఉందని టీచర్లు ఒక ప్రకటన చదవాలని బోర్డు తీర్మానించింది. కొందరు తల్లిదండ్రులు దావా వేశారు. అక్కడ సర్కారు బడిలో మతం బోధించకూడదు కాబట్టి, ప్రకటన వెనక మతం ఉందని తేలితే అది చెల్లదు. ఈ సంగతి తెలిసిన బోర్డు లాయరు, తీర్మానం మీద జరిగే చర్చలో దేవుడి పేరు ఎత్తవద్దని సభ్యులకు ముందే గట్టిగా చెప్పి ఉంచాడు. ఎవరూ ఎత్తలేదు. చర్చ పరమ శాస్త్రీయంగా సాగింది. కాకపోతే ఆ ఊళ్లో ప్రార్థన లేకుండా ఫుట్‌బాల్ ఆట కూడా మొదలవదు. బోర్డు అధ్యక్షుడు వెండెల్ టాలివర్, చర్చిలో సంఘపెద్ద కూడా, చర్చకు ముందు అలవాటు చొప్పున లేచి కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ సృష్టి కథ చెప్పే ఆదికాండాన్ని మా సైన్సు క్లాసులోకి చేర్చు తండ్రీ" అని వేడుకున్నాడు. ప్రార్థన కూడా మాట్లాడటం కిందికే వస్తుందని ఆయనకు తట్టలేదు.

ఆ రోజు చర్చ వినడానికి వచ్చి అక్కడే ఉన్న ఒలీటాను సాక్ష్యానికి పిలిచారు. వెండెల్ ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"ఆ ప్రార్థన సంగతి నీకెందుకు సిస్టర్? పియానో దగ్గర ఎవరు కూర్చోవాలో చూసేది మేమే కదా."

"బైబిల్ మీద చెయ్యేయించి అడుగుతారు, బ్రదర్ వెండెల్. అబద్ధమాడమంటావా?"

ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

కోర్టులో ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బోర్డు లాయరు లేచాడు. "మరి అప్పుడు మీరేమైనా అభ్యంతరం చెప్పారా?"

"లేదండీ. ఆమెన్ అన్నాను."

"ఎందుకూ?"

"ప్రార్థన కదండీ!"

జడ్జి ప్రకటనను కొట్టేశాడు. ఆ ఆదివారం పియానో దగ్గర వెండెల్ మేనకోడలు కూర్చుని ఉంది. ఒలీటా వెనక వరసలో సర్దుకుంది. అమ్మాయి కీర్తన ఎంత పై శ్రుతిలో ఎత్తుకుందంటే, రెండో చరణానికి మగవాళ్లంతా నోళ్లు మూశారు. వెండెల్ ఒక్కడే మెడనరాలు ఉబ్బేలా పోరాడి, చివరికి ఆయనా ఓడి, వెనక్కి తిరిగాడు.

"రా ఒలీటా. వచ్చి కూర్చో. నా కోపమేం పోలేదు సుమా!"

"పోవాలని నేనడిగానా?" అంటూ ఆమె లేచి వెళ్లి, అమ్మాయిని పక్కకు జరగమంది. "మూడో చరణం. అందరూ నిలబడండి."

నిలబడ్డారు.