ఆమె వినేది, నేను చదివేదాన్ని

నాకు కుళ్ళు ఎక్కువ. వయసుతో పాటు పోయిందని చెప్పుకోను గానీ, పంతొమ్మిదివందల డెబ్భైల్లో బి.ఏ. మొదటి సంవత్సరం పరీక్షలకు చదివిన ఆ నెలరోజుల్లో పడ్డంత కుళ్ళు మళ్ళీ ఎప్పుడూ పడలేదు. అదీ ఎవరిని చూసి? సొంతానికి ఒక్క పాఠ్యపుస్తకం కూడా లేని పిల్లని చూసి.

మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. రోజూ బస్సెక్కి బెజవాడ కాలేజీకి వెళ్ళేదాన్ని. ఆ పిల్లదీ నా క్లాసే, వన్ టౌన్‌లో ఉండే ఒక దర్జీ గారి అమ్మాయి. వాళ్ళింట్లో ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. తల్లితో ఉర్దూ, నాతో తెలుగు, మిషను ఆగిపోతే దానితో కూడా ఏదో ఒకటి మాట్లాడేది. తండ్రి కుట్టిన చొక్కాలకు కాజాలు, గుండీలు, జాకెట్లకు హుక్కులు, చేతి కుట్టు అంతా ఆమె పనే. సరిగ్గా మా పరీక్షల ముందే పెళ్ళిళ్ళు ముంచుకొచ్చాయి. పనికి రెండు చేతులూ కావాలి, పుస్తకం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పుస్తకాలు నావి, గొంతూ నాదే. నేను పైకి చదివేదాన్ని, ఆమె కాజాలు కుట్టుకుంటూ వినేది.

ఏదో దయ తలిచి చదివానని అనుకోకండి. నాకూ అవసరమే. నేను ఒక పాఠం పదిసార్లు చదివినా పేజీ తిప్పేసరికి పాత పేజీ పోయేది. ఆమె ఒక్కసారి విని, దారం పళ్ళతో తెంపి, "అంటే ఇదేగా?" అని మొత్తం తన మాటల్లో చెప్పేది. అలా చెబితేనే నా బుర్రకెక్కేది. ఏకసంథాగ్రాహులు కథల్లో ఉంటారని విన్నాను గానీ, చాప మీద నా ఎదురుగా కూర్చుని హుక్కులు కుడతారని ఎవరూ చెప్పలేదు.

పైగా యూనివర్సిటీ పరీక్ష అంటే మా అందరికీ దడ. పేపర్లు ఎక్కడికో పోతాయి, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు దిద్దుతారు. ఆమెకైతే ఇంకో దడ కూడా ఉంది. వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు, ఒక్క పేపరు పోయినా చదువు కట్టిపెట్టి మిషను ముందు కూర్చోవాలని. ఆమె ఆ సంగతి నాకు నవ్వుతూనే చెప్పింది.

ఒకరోజు మా నాన్న ఎరువుల పని మీద బెజవాడ వచ్చి, నన్ను వెంటబెట్టుకెళ్దామని వాళ్ళింటికి వచ్చాడు. ఆమె అప్పుడు ఎకనామిక్స్ చెబుతోంది. సరుకు అంతా ఒక్కసారే మార్కెట్లోకి వచ్చిపడితే ధర ఎందుకు పడుతుందో, మినుములతో పోల్చి చెబుతోంది. నాన్న గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. బస్సులో నా పక్కన కూర్చుని, "ఇన్నేళ్ళ నించీ మినుములు పండిస్తన్నా, ఈ సంగతి ఇయ్యాల అర్థమైందే నాకు. నీ పుస్తకాలేయో ఆ పిల్లకే ఇచ్చేస్తే పోలా?" అని నవ్వాడు.

వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా చదువు గురించి ఆయన ఒక్కనాడూ అలా కళ్ళు మెరుస్తూ మాట్లాడలేదు. ఊరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల మీద నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

మర్నాడు వెళ్ళి పుస్తకం తెరిచాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "భాటకం ఇంకా చదవలేదు కదే?" అంది. భాటక సిద్ధాంతం అంటే భూమికి కౌలు ఎందుకు పుడుతుందో చెప్పే పాఠం. నిజంగానే చదవలేదు.

"మొన్న చదివాంగా! నువ్వు వింటున్నావనుకుని గొంతు పోయేలా చదివాను. కునుకు తీశావా ఏంటి?" అన్నాను.

అంత సులువుగా ఎలా వచ్చిందో నోట్లోంచి. ఆమె మొహం చిన్నబోయింది. "తీశానేమోనే, ఈ ఎండకి కళ్ళు మూతలు పడిపోతున్నాయి. ఇంకోసారి చదవ్వా?"

"టైమేదీ? అయినా అది పోయినేడు వచ్చింది. వరసగా రెండేళ్ళు ఎవరిస్తారు? చాయిస్‌లో వదిలెయ్."

పోయినేడు వచ్చిన ప్రశ్న ఈ ఏడు రాదని మా కాలేజీలో అందరూ గట్టిగా నమ్మేవాళ్ళు. ఆమె కూడా నమ్మి, తల ఊపి, కాజా మొదలుపెట్టింది. నేను ఇంటికి వెళ్ళి ఆ పాఠం ఒక్కదాన్నే, తలుపేసుకుని, వచ్చేదాకా బట్టీ పట్టాను.

పరీక్షలో అది వచ్చింది. దానికి బదులుగా ఇచ్చిన రెండో ప్రశ్న ఇద్దరం కలిసి చాయిస్‌లో వదిలేసింది. నాకు ముందు వచ్చింది సంతోషం. అబద్ధం ఎందుకు చెప్పాలి, సంతోషమే వచ్చింది. ఆమెకు తెలియనిది నాకు తెలిసిన మొట్టమొదటి ప్రశ్న అది. మూడు పేజీలు రాశాను. మధ్యలో తల తిప్పి చూస్తే, ఆమె కలం మూతపెట్టి ఖాళీ కాగితం వైపు చూస్తోంది.

బయటికొచ్చాక, "నీ తప్పేం లేదు, నువ్వు చదివావు, నేనే నిద్రపోయాను," అంది.

ఫలితాలు పేపర్లో పడ్డాయి. నా నంబరు ఉంది, ఆమెది లేదు. ఎకనామిక్స్ పోయింది, అదీ కొద్దిలో. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. వాళ్ళ నాన్న బట్ట కత్తిరిస్తున్నవాడల్లా కత్తెర పక్కన పెట్టి నన్ను కూర్చోమన్నాడు. మెత్తటి మనిషి.

"సెప్టెంబరులో ఇంకోసారి పరీక్షకి కట్టించమంటాదమ్మా మా పిల్ల. నేను చదువుకున్నోణ్ణి కాదు, నాకేం తెలుస్తది? పక్కన కూర్చుని చదివించింది నువ్వు. నువ్వు చెప్పు, ఇది మనసు పెట్టి చదివిందా? చదివిందంటే కట్టిస్తా."

ఒక్క మాట. చదివిందండీ అంటే చాలు. ఆమె లోపలి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది, ఆ మాట నేను అంటాననే ధీమాతో.

"చదివేదేనండీ," అన్నాను. "కాకపోతే మధ్యలో కునుకు తీసేదండీ."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుని, "నిజమే, తీశాను," అంది. నన్ను వెనకేసుకు రావడానికి కాదు. నేను చెప్పాను కాబట్టి తను కూడా నమ్మేసింది. ఆయన "పోన్లెమ్మా" అని కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

నేను వెళ్తుంటే ఆమె సందు చివరి దాకా వచ్చింది. "సెకండియర్ పుస్తకాలు కొన్నాక ఒకసారి తీసుకురావే. పరీక్షకి కాదులే. పని చేసుకుంటూ వింటా," అంది.

తెస్తానన్నాను. వెళ్ళలేదు. మొహం చెల్లక వెళ్ళలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నేను చదువుతుంటే విని, ఆ పాఠాలు కూడా నాకన్నా బాగా చెబుతుందని నాకు తెలుసు.