గుడ్డు సంగతి చెప్పే తీరతాను

మా పాపకు గుడ్డు పడదు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఈ మాట నేను చెప్పని గుమ్మం లేదు. ఏడాది నిండిన కొత్తలో ఉడికించిన గుడ్డు ముక్క తిని, పెదాలు వాచి, ఊపిరి అందక నా ఒళ్లో నీలంగా మారిపోయింది. ఆ రోజు ఆసుపత్రికి పరిగెత్తింది నేను. అందుకే నాలుగేళ్లుగా ఎవరు నవ్వినా చెబుతూనే ఉన్నాను.

ఈ వేసవిలో ఆ మాట చెప్పొద్దన్నది పాప నాన్నే. ఆయన ఘానాలో ఓడరేవు క్రేన్ నడుపుతారు. నేనూ పాపా అక్కడికి వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు కార్డు చూపించాలి. ఆ టీకా మందును కోడిగుడ్లలో తయారు చేస్తారని చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

"టీకా వేసేచోట గుడ్డు సంగతి ఎత్తకు," అన్నారు ఫోన్లో. "ఎత్తితే సూది వెయ్యరు. సూది లేకపోతే కార్డు లేదు. ఏడాదిన్నరైంది దాన్ని ఎత్తుకుని."

"ఎత్తుకోడానికి అది ఉండాలి కదా," అన్నాను.



మా అత్త, పాప నానమ్మ, శ్రీకాకుళం నుంచి పెళ్లై ఇక్కడికి వచ్చి నలభై ఏళ్లు. ఆమెకు ఏ జబ్బైనా దిష్టే. "గుడ్డు పడకపోడమేటే? మా వొంశంలో ఎవులికీ లేదు. సదువుకున్నోలికే ఇలాటి రోగాలు దొరుకుతాయి."

టీకాకు వెళ్లే పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె పచ్చి గుడ్డుతో పాపకు దిష్టి తీస్తోంది. ముఖ్యమైన పని మీద వెళ్లేవాళ్లను దిష్టి తియ్యకుండా గడప దాటనివ్వదు. మూడుసార్లు తిప్పి, వీధి మలుపులో పగలగొట్టి వస్తుంది. ఈసారి గుడ్డుకు ముందే బీట ఉంది. నేను అందుకునేలోపే సొన కారి పాప చెంప మీద పడింది.

కడిగాను. ఇంట్లో ఎప్పుడూ ఉంచే అలర్జీ మందు తాగించాను. టాక్సీలో కూర్చునేసరికి సొన కారిన దారి వెంట ఎర్రగా దద్దుర్లు లేచాయి. డాక్టరుకు చూపిద్దామని ఫోటో తీశాను. దారంతా దాని ఊపిరి వింటూనే ఉన్నాను.

"సీమ కుట్టుంటాది," అంది పక్కన కూర్చున్న అత్త. నా ముఖం మాత్రం చూడలేదు.

టీకా కేంద్రంలో ఫారాలు నింపే ఆయన అలర్జీ గడిలో 'లేదు' అని తనే టిక్కు పెట్టబోయాడు.

"ఆగండి దాదా. గుడ్డు పడదు. రాయండి."

"రాస్తే ఇవాళ పని అవ్వదు బౌది," అన్నాడు, వదినా అని వరస కలుపుతూ. " వెనక లైను చూడండి."

"అవ్వకపోనివ్వండి."

వెనక ఎవరో విసుక్కున్నారు. అయినా ఆయన చేతిలోని పెన్ను తీసుకుని నేనే రాశాను, గడి చాలనంత పెద్ద అక్షరాలతో.

లోపల డాక్టరమ్మ పాప చెంప చూసి ఇదేమిటని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త తనకు వచ్చిన బెంగాలీలో "డిమ్" అంది. గుడ్డు అని. తలదించుకునే అంది.

డాక్టరమ్మ సూదుల ట్రే పక్కకు జరిపింది. పెద్దాసుపత్రి అలర్జీ విభాగంలో ముందు పరీక్ష చెయ్యాలంది. వెయ్యొచ్చని తేలితే అక్కడే, వాళ్ల కళ్ల ముందే కొంచెం కొంచెంగా వేస్తారట. కూడదంటే మినహాయింపు ఉత్తరం ఇస్తారు, అది ఆ దేశంలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోమంది.

తిరిగి వస్తుంటే అత్తకు ధైర్యం వచ్చింది. "సూసేవా, నా దిష్టే కాసింది. ఆ గుడ్డు కారకపోతే సూది గుచ్చీసేవోలు."

"అలాగే అత్తా. ఇకమీదట ఉప్పూ మిరపకాయలూ తిప్పు."

"గుంటకి కల్లు మండుతాయే."

"మండనీ."

సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి, అడక్కముందే చెప్పేశాను. "పరీక్ష అయ్యాకే టిక్కెట్లు. వెయ్యొచ్చంటే టీకాతో వస్తాం, లేదంటే ఉత్తరంతో వస్తాం. ఉత్తరం చెల్లదంటే మీరే రండి."

క్రేన్ల చప్పుడు మధ్య ఆయన గొంతు వినిపించింది.

"దాని చెంప ఫోటో పంపు," అన్నారు.

పంపాను. దద్దుర్లు తగ్గినది కాదు, పొద్దున తీసినది.