మేడం నొక్కిన ఆఖరి బిళ్ల

మా మేడం ప్రభువునందు నిద్రించారని కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. వాళ్ల చర్చివాళ్లు అలాగే రాస్తారని నాకు తెలుసు. అయినా ఆ మాట చదవగానే ఒళ్లు మండింది. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లను చూస్తే ఆవిడకు గిట్టేది కాదు. భోజనాల తర్వాత క్లాసులో ఎవరి తల వాలినా "ఏం నాయనా, దిండు తెప్పించనా?" అని అడిగేవారు. అలాంటి మనిషి, నూజివీడు రోడ్లన్నీ మామిడికాయల లారీలతో నిండిపోయిన ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం తన షెడ్డులో కుర్చీలో కూర్చుని అలాగే ఉండిపోయారట. గుండెపోటన్నారు. నిద్రేమిటి నా మొహం, అనుకున్నాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

మేడం మాకు కాలేజీలో పొడితో వస్తువులు చేయడం నేర్పారు. లోహపు పొడి గానీ పింగాణీ పొడి గానీ ఉక్కు అచ్చులో పోసి, ప్రెస్సుతో గట్టిగా నొక్కి, వచ్చిన ముక్కను కొలిమిలో కాలుస్తారు. అది కరగదు, గట్టిపడుతుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆ విద్యనే నేనిప్పుడు అదే కాలేజీలో చెబుతున్నాను. నేను తింటున్న అన్నం ఆవిడ పెట్టినదే.

రిటైరయ్యాక మేడం ఇంట్లో కారు షెడ్డు ఖాళీ చేయించి, చేత్తో పంపు కొట్టే చిన్న ప్రెస్సు పెట్టుకున్నారు. ఇంటి వెనకంతా మామిడితోటలే. తోటలకు మందు కొట్టే గన్నుల మూతిలో చిల్లు ఉన్న చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. ఇత్తడిదైతే మందు రాపిడికి చిల్లు పెద్దదై, మంచులా పడాల్సిన మందు ధారగా కారుతుంది. పింగాణీదైతే అరగదు. మేడం ఆ బిళ్లలు చేసేవారు. ఆవిడ నొక్కిపెడితే, నేను కాలేజీకి తీసుకెళ్లి కాల్చి తెచ్చేదాన్ని.

ఆ పొడి బియ్యప్పిండిలా తెల్లగా ఉండేది. తోట పనికి వచ్చే ఆడవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటండీ మేడంగారూ, ఇయ్యాల అరిసెలా?" అనేవారు.

"అరిసెలేనమ్మా. కొరికితే పళ్లూడతాయి, రండి" అనేవారు మేడం.

పొడి అచ్చులో పోశాక వెంటనే నొక్కనిచ్చేవారు కాదు. చెంచా కాడతో అచ్చు పక్కన మెల్లగా తట్టి ఆగేవారు. "జంక్షన్‌లో బస్సెక్కిన జనం లాంటిదిది. ముందు తోసుకుంటారు. కాస్త ఆగితే వాళ్లే సర్దుకుంటారు" అనేవారు. ఆ తర్వాతే పంపు కొట్టేవారు. అసలు పని అప్పుడు మొదలయ్యేది. "నొక్కడం ఎవడైనా నొక్కుతాడు. వదలడం రావాలి" అన్న మాట వినని విద్యార్థి మాలో లేడు. బిళ్ల నొక్కేటప్పుడు పగలదు. బరువు తీసేటప్పుడు లోపల బిగుసుకున్న పొడి ఊపిరి వదిలినట్టు కాస్త ఉబ్బుతుంది. బరువు గబుక్కున తీస్తే లోపల పొర విడిపోతుంది. అది కంటికి కనపడదు. కొలిమిలో కాలాకే అడ్డంగా పగిలి బయటపడుతుంది.

ఆవిడ ఇంకొక పట్టుదల, తడి చెయ్యి తగలకూడదని. కాలని బిళ్ల సుద్దముక్కలా ఉంటుంది, చెమ్మ తగిలితే మెత్తబడుతుంది. తడి చేత్తో బిళ్లను ముట్టుకున్నవాడికి ఆవిడ ల్యాబులో నీళ్లు కూడా పుట్టేవి కావు. ఆవిడైతే భుజం మీద తువ్వాలు లేకుండా ప్రెస్సు దగ్గరికి వచ్చేవారు కాదు.

సమాధి దగ్గర తలా పిడికెడు మన్ను వేశాం. తర్వాత పనివాళ్లు పూడ్చి, పారలు తిప్పి దబదబా కొట్టసాగారు. నా నోట్లోంచి "కొట్టకండి, ఆగండి కాస్త" అని వచ్చేసింది. అందరూ నా వైపు చూశారు. "వానలొస్తే కుంగుద్దమ్మా" అన్నాడు ఒకాయన నెమ్మదిగా. నిజమే. నేను పక్కకు జరిగాను.

చర్చివాళ్ల ఆదరణ కూడిక అయ్యాక మేడం భర్త నన్ను షెడ్డులోకి పిలిచారు. ఆయన తెలుగు పంతులుగా చేశారు, మేమంతా మాస్టారు అంటాం. ఆ రోజు మేడం నొక్కిన బిళ్లలు ట్రేలో గుడ్డ కప్పి ఉన్నాయి. మాస్టారు చివరిది చూపించారు. దాని మీద బొటనవేలి ముద్ర పడి ఉంది. తువ్వాలు కుర్చీ వీపు మీద వేసినది వేసినట్టే ఉంది.

"చెమటేనా అమ్మా?" అన్నారు.

"అవునండీ" అన్నాను. అబద్ధం ఆడాలని తోచలేదు.

"అంటే నొప్పి అప్పటికే మొదలైందన్నమాట. నేను ముందు గదిలోనే ఉన్నాను. టీవీ సౌండు పెద్దది పెట్టుకుని కూర్చున్నాను. పిలిచిందేమో. నాకు వినపడలేదేమో."

ఆయన బిళ్ల వైపే చూస్తూ మళ్లీ అడిగారు. "నొప్పొచ్చి చెయ్యి గబుక్కున తీసేసి నన్ను పిలిచి ఉంటే, బిళ్ల పగులుద్ది గదా?"

"కాలిస్తే తెలుస్తుందండీ."

"అయితే వద్దులే" అని గుడ్డ కప్పేశారు.

ఆ తర్వాత నాకు ల్యాబులో మనసు నిలిచేది కాదు. ప్రెస్సు మీద బరువు తీసేటప్పుడల్లా వెనక ఎవరో నిలబడి నా చెయ్యి చూస్తున్నట్టుండేది. ఒకరోజు ఒక అమ్మాయి "మేడం, ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడిగింది. "వదులుతున్నానండీ, మెల్లగానే వదులుతున్నాను" అని పైకే అంటున్నానట. భయం వేసింది. ఆ భయంలోనే, ఆవిడ ఇంకా ఉన్నారేమోనన్న ఆశ కూడా ఉంది. దాన్ని దాచుకోవడం దేనికి?

కాయల సీజను ముగిసి వానలు పట్టాక మాస్టారు ఆటోలో కాలేజీకి వచ్చారు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. "చెమ్మకి ముద్ర చెదిరిపోతోందమ్మా. కాల్చెయ్. తెలియకపోతే పిచ్చెక్కేట్టుంది" అన్నారు.

కొలిమి వేడెక్కడానికి ఎంత తొందరపడకూడదో, చల్లారడానికి అంతకన్నా తొందరపడకూడదు. తలుపు తీసే రోజున మాస్టారు మళ్లీ వచ్చి, స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బిళ్లను పట్టకారుతో తీసి కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. పగులుంటే అందులో రంగు నిలిచిపోతుందని, రంగు నీళ్లలో ముంచి, కడిగి, భూతద్దంలో చూశాను. ఎక్కడా పగులు లేదు. ఎప్పటిలాగే, నొప్పి పడుతూ కూడా, బరువు నిదానంగా దించి, బిళ్లను పైకి తీసి, ట్రేలో తన వరుసలో పెట్టారు మా మేడం.

"పిలవలేదండీ. మెల్లగానే వదిలారు" అన్నాను. ఆయన గుండె తేలికపడుతుందనుకున్నాను.

మాస్టారు తలూపారు. ఆ తర్వాత, "పిలవొచ్చుగా" అన్నారు.

ఆయన్ని ఇంటి దగ్గర దించడానికి నేనూ ఆటో ఎక్కాను. కాలిన బిళ్ల ఏదైనా చిన్నదవుతుంది, దానితోపాటు ముద్ర కూడా చిన్నదైంది. మాస్టారు అందులో తన బొటనవేలు పెట్టి చూశారు. పట్టలేదు. చూపుడువేలు పెట్టి చూశారు. చివరికి చిటికెన వేలు సరిపోయింది. వాన జల్లు లోపలికి కొడుతోంది. ఆటో ఇంటి గేటు ముందు ఆగింది. "దిగండి మాస్టారూ" అన్నాడు డ్రైవరు. ఆయన చిటికెన వేలు ఆ గుంటలోంచి తియ్యకుండా అలాగే కూర్చున్నారు.